చేతి పక్కన పెట్టి కలిపిన రంగు

మా పెద్ద టీచరు పోయారన్న కబురు బడి వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా వచ్చింది. ఫోటో చూసి ఎవరో తెలియనావిడ అనుకున్నాను. కింద పేరు చదివాక గుండె జారిపోయింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. నల్లటి మనిషిని పిండి పూసినట్టు తెల్లగా చేసిపెట్టారు. నుదుటి మీది ముడతలు లేవు, బుగ్గ మీది మచ్చ లేదు. చనిపోయిన మనిషికి మెరుగులు దిద్దాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, చీ, నాకైతే రోత పుట్టింది.

ఎందుకంత రోత అంటే ఆవిడ పని ఎలాంటిదో చెప్పాలి. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ కాలనీలో మాది చిన్న బడి. నేను ఆవిడ దగ్గర పని నేర్చుకున్న చిన్న టీచర్ని. మాకు దానంగా వచ్చే బొమ్మల పుస్తకాల నిండా మంచు, ఆపిల్ పళ్ళు, గులాబీ బుగ్గల పిల్లలు. మా పిల్లలు తమ బొమ్మ గీసుకున్నా అవే బుగ్గలు పెట్టేవారు.

పెద్ద టీచరు తమ్ముడు పోర్టులో పనిచేసేవాడు. ఒకసారి, ఓడ మీద వచ్చిన నావికుడు ఇచ్చాడంటూ ఒక పుస్తకం తెచ్చాడు. పసిఫిక్ దీవుల నుంచి న్యూజిలాండ్ వెళ్ళి బతికే కుటుంబాల పిల్లల గురించి. పెద్ద కథేమీ లేదు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట, చాప అల్లే మామ్మ, రాత్రి డ్యూటీకి వెళ్ళే అమ్మ, చేప శుభ్రం చేసే నాన్న. ఎవరి రంగు వాళ్ళకుంది. పెద్ద టీచరు దాన్ని తెలుగులో చెబుతుంటే మూడో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"ఆళ్ళ నాయన కూడా ఏటకెల్తాడేటండీ?"

"ఎల్తాడే. మీ నాయన లాగే."

"మరి మన పుస్తకం ఏదండీ?"

ఆ మాట ఆవిడను నిలవనివ్వలేదు. మర్నాటి నుంచి పిల్లల చేతే పుస్తకం చేయించడం మొదలుపెట్టారు. నీటిరంగుల డబ్బా తెరవగానే ఆవిడ, పిల్లలు 'స్కిన్ కలర్' అని పిలిచే లేత గులాబీ బిళ్ళను తీసి పక్కన పడేసేవారు. "ఇది ఎవులి తోలర్రా? ముందు సెయ్యి సూడండి, అప్పుడు రంగు కలపండి" అనేవారు. చేతి పక్కన కుంచె పెట్టి, రెండూ ఒకటయ్యేదాకా రంగు కలపడం మొదట తన చేతి మీదే నేర్పారు. సాయంత్రం మోచేతి దాకా రంగు చారలతో గోపాలపట్నం బస్సెక్కేవారు. పెళ్ళిచూపుల్లో నా రంగు గురించి విన్న మాటలన్నీ ఆ పిల్లల పక్కన కూర్చున్నాకే నా ఒంటి నుంచి దిగాయి. ఆ రుణం తీరేది కాదు.

చివరకు పుస్తకం తయారైంది. చేపల తట్టతో పూర్ణా మార్కెట్‌కి బయల్దేరే అమ్మ, వాసన వస్తోందని ఎక్కించుకోని ఆటో, వల మీద నిద్రపోయే తమ్ముడు, అన్నీ ఉన్నాయి అందులో. అచ్చు వేస్తామని ఒక సంస్థ పెద్దమనిషి వచ్చాడు. అచ్చయి వచ్చిన కట్ట నేనే విప్పాను. పిల్లలందరూ పాలరంగులో ఉన్నారు. తట్టలో చేపలు పోయి మల్లెపూలు వచ్చాయి.

"చేపలుంటే కొన్ని స్కూళ్ళు తీసుకోవు మేడమ్. కొంచెం నీట్‌గా చేశాం" అన్నాడాయన.

"మా పిల్లల్లో నీటు కానిదేటి కనిపించిందండీ మీకు?" అని అడిగి, పెద్ద టీచరు ఆ కట్టను మళ్ళీ ఆయన కారులోనే పెట్టించారు. ఒక్కటి కూడా పంచనివ్వలేదు. ఆ తర్వాత అచ్చు వేసేవాళ్ళు దొరకలేదు. మన పుస్తకం ఎప్పుడొస్తుందని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. "నాను పోయేలోగా తెత్తాన్రా" అనేవారు. తేలేకపోయారు.

బడి ముందు ఇసుకలో పెట్టిన సంతాప సభకు ఆ పెద్దమనిషే అధ్యక్షుడు. ఆ తెల్లముఖం ఫ్లెక్సీ కూడా ఆయన చలవే. ఎండుచేపల వాసనకి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఈ చిన్నారుల జీవితాలను పుస్తకంలోకి తెచ్చిన మహాతల్లి" అని మైకులో దంచేశాడు. చప్పట్లు కూడా కొట్టారు. కూర్చున్న కుర్చీయే ఎత్తి విసరాలనిపించింది నాకు.

అప్పుడు, మన పుస్తకం ఏదని అడిగిన ఆ పిల్ల, ఇప్పుడు అయిదో తరగతి, లేచి ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళింది. టీచరు బుగ్గ పక్కన తన చెయ్యి ఆనించి కాసేపు చూసింది.

"మా టీచరు నాకంటే నలుపండీ. ఇది కలవలేదు" అంది, గట్టిగా.

పెద్దమనిషి నవ్వేసి ప్రసంగం ముగించాడు.

కార్లు వెళ్ళిపోయాక పిల్లలు ఫ్లెక్సీ విప్పి ఇసుకలో బోర్లా పరిచారు. వెనకంతా ఖాళీ. పడవలకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు తెచ్చుకున్నారు. ముఖం గీయడం తొందరగానే అయింది, రంగు దగ్గర ఆగిపోయారు. పక్కన పెట్టి చూడటానికి ఆవిడ చెయ్యి లేదు.

ఆ పిల్ల మామ్మ మార్కెట్ నుంచి ఖాళీ తట్టతో వస్తోంది. సంగతి విని తట్ట దించింది. "మీ టీచరమ్మా నానూ ఒక్క రంగేనర్రా. నన్ను సూసి కలపండి" అంటూ వాళ్ళ మధ్య చతికిలబడి చెయ్యి చాపింది. మోచేతి దాకా చేప పొలుసులు. పిల్ల కుంచెను ఆ చేతి పక్కన పెట్టి చూసింది. ఇంకొంచెం నలుపు కలిపి, మళ్ళీ పెట్టి చూసింది.