ఎర్ర గుర్తు కుళాయి

నిన్న మధ్యాహ్నం ఎదురు ఫ్లాటులోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మా తలుపు కొట్టింది. "ఆంటీ, చన్నీళ్ల కుళాయి ఎంతసేపు వదిలినా వేడినీళ్లే వస్తున్నాయి. ఇంకా ఎంతసేపు వదలాలి?" అంది నవ్వుతూ. ఆమె వెనక, తెరిచి ఉన్న తలుపులోంచి, నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడ్డాను. ఖతర్‌లో, అల్ మన్సూరా పేటలోని ఈ బిల్డింగుకి నీటి కరువేమీ లేదు. నేను ఉలిక్కిపడింది ఇదే ఊళ్లో, అబూ హమూర్‌లో నా మొదటి వేసవి గుర్తొచ్చి.

అప్పట్లో మేం ఉన్నది ఒక విల్లాలో కాదు, విల్లా ముక్కలో. జిప్సమ్ బోర్డులు అడ్డం పెట్టి ఆ ఇంటిని నాలుగు కుటుంబాలకు పంచారు. కాపురాలు నాలుగైనా మేడ మీద ట్యాంకు ఒక్కటే. ఆ వేసవి ఎందుకోగానీ మిట్టమధ్యాహ్నానికే అది ఎండిపోవడం మొదలైంది. విల్లా చూసుకునే కేరళ ఆయన ఒకరోజు హాల్లో నిలబడి, "ట్యాంకీ ఫిర్ ఖాలీ హువా తో ఏక్ రూమ్ ఖాలీ" అని, ట్యాంకు మళ్లీ ఎండితే ఒక గది ఖాళీ చేయిస్తానని తేల్చేశాడు. ఏ రూమో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. మా పాప ఏడుపు గురించి అతను అప్పటికే గొణుగుతున్నాడు. చంటిపిల్ల ఉన్నవాళ్లకు మేం ఇవ్వగలిగిన అద్దెకి గది ఎవరూ ఇవ్వరు. ఇది పోతే నేనూ పాపా ఊరికి, మా ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలోని కార్మికుల క్యాంపుకి. అంతే.

ఆ రోజు నుంచి ట్యాంకులో నీరు తగ్గినప్పుడల్లా నేను నీరుగారిపోయేదాన్ని. ఏసీ నుంచి కారే చుక్కలు బకెట్లో పట్టి నేల తుడిచాను. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలకు మొదటి తోము తోమాను. పాప బట్టలు జాడించిన నీళ్లు దాచి ఫ్లష్‌కి బదులు పోశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, నేను పెట్టిన సగం బకెట్ చూసి, "ఇది స్నానమా, చిలకరింపు బాప్తిస్మమా?" అనేవాడు. నవ్వేదాన్నే, కానీ చెవి మాత్రం గోడకే ఉండేది. ఏ గదిలో కుళాయి ఎంతసేపు మోగుతుందో వినడం నాకు ఉద్యోగమైపోయింది. పంపు మోగితే ఉలిక్కిపడేదాన్ని, ఆగితే ఇంకా భయం. ఇంత పిసినారితనం చేసినా ట్యాంకు మాత్రం రోజూ ఎండుతూనే ఉంది. ఇక నీళ్లు తాగేస్తున్నది పక్క గదులవాళ్లేనని నేను తీర్పు రాసేశాను.

అలాంటి ఒక పొద్దున, ఉమ్మడి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను రొదలో కూర కలుపుతూ, ఉప్పు కోసం గదికి వచ్చాను. మా గిన్నె తిరిగిచ్చేందుకు, మేం ఆపా, అంటే అక్కా, అని పిలిచే పక్క గదావిడ నా వెంటే వచ్చింది. కరీంనగర్ మనిషి. మా బాత్‌రూమ్‌లోంచి ధార చప్పుడు. తలుపు తోస్తే లోపల ఆవిరి. పాప పనులకని విజిట్ వీసా మీద వచ్చిన మా అత్తగారు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, నీలం గుర్తు కుళాయి పూర్తిగా తిప్పేసి, మధ్యమధ్య వేలు పెట్టి చూస్తోంది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"పాపకి నీళ్లోద్దామనే. సలసలా కాగుతున్నాయి, పిల్ల ఒళ్లు కాలిపోదా? కాత్త పారితే సల్లటివొత్తాయి కదా అని రోజూ వదులుతున్నాను."

"ఎప్పుడైనా చల్లటివొచ్చాయా?"

"ఎక్కడే! ఈలోగా నీళ్లే అయిపోతన్నాయి" అంది, ఆ తప్పు ఖతర్‌దే అన్నట్టు.

గోదావరి కాలవ గట్టున పుట్టిన మనిషి. పారే నీరు చల్లబడుతుందని నమ్మి మొత్తం ట్యాంకు పారించింది. నేను ఆపా మొహం చూశాను. ఆవిడ నోట ఒక్క మాట జారితే మా సామాను బయటుంటుంది. సరిగ్గా అప్పుడే, నీళ్లు వదిలిందెవరని హాల్లోంచి ఆ కేరళ ఆయన కేక: "పానీ కౌన్ ఛోడా?"

బయటికి వచ్చి నీళ్లు నమిలాను. ఆ వేసవిలో నేను పొదుపు చూడకుండా వాడిన నీళ్లు అవొక్కటే. ఆపా కుళాయి కట్టేసి, తడి చేతులు దుపట్టాకు తుడుచుకుంటూ నా ముందుకొచ్చింది. "హమారా నల్లా ఖరాబ్ థా భాయ్. బంద్ కర్ దియే," అంది, పాడైంది తమ గది కుళాయేనని, కట్టేశామని. అతను ఆవిడ చేతుల వంకా మా తలుపు వంకా చూశాడు. "లాస్ట్ టైమ్" అని వేలు చూపించి వెళ్లిపోయాడు.

ఆపా లోపలికొచ్చి, పాప కోసమని నేను రాత్రింబవళ్లు వేసి ఉంచిన గీజర్ స్విచ్ నొక్కి ఆపేసింది. "ఇక్కడ ఎండకాలమంత ఉల్టా, అమ్మా. మీదున్న ట్యాంకు ఎండల కాగుతది, గీజర్ ఏసీ ఇంట్ల ఉంటది. దీన్ని బంద్ పెడితే అండ్ల నీళ్లు పొద్దుగాలకు సల్లబడ్తయి. ఎర్ర గుర్తుదే తిప్పుండ్రి."

"తప్పు మీ మీద ఎందుకేసుకున్నారాపా?"

"నా మొదటి ఎండకాలం నేనూ గిట్లనే ఇడిశిపెట్టిన. చెప్పెటోళ్లు లేకుండె. సామాన్లతోని సడక్ మీద నిలబడ్డం." నవ్వింది. "రేపు మళ్ల ఖాలీ అయితే ఇద్దరం కలిసే నిలబడదాం తీ."

మర్నాడు మధ్యాహ్నం దాకా గోడకి చెవి పెట్టే ఉన్నాను. ఇప్పుడు పణంగా ఉన్నది ఒక గది కాదు, రెండు. అత్తగారు ఎర్ర గుర్తు కుళాయి భయం భయంగా తిప్పి, వేలు పెట్టి, "ఓరి దేవుడా, మన కాలవ నీళ్లే!" అంది. మిట్టమధ్యాహ్నం దాటింది. పంపు మోగింది, ఆగింది. వంటింటి కుళాయి తిప్పితే ధార పడింది. నేనూ ఆపా ఒకరి మొహం ఒకరం చూసుకుని, వెంటనే దాన్ని కట్టేశాం.

నిన్న ఆ కొత్త పెళ్లికూతురి కుళాయి కట్టేసిందీ, గీజర్ ఆపిందీ నేనే. "ఎర్ర గుర్తు తిప్పితే చన్నీళ్లా?" అని ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఇంటికొస్తే మా పాప, ఇప్పుడు నాకంటే పొడుగు, షవర్ కింద పాట పాడుతోంది. తలుపు బయట నిలబడి విన్నాను, పాటని కాదు, నీళ్లని. గీజర్‌లో నీళ్లు ఒక్క రాత్రిలో చల్లారాయి; ఇన్నేళ్లయినా నాలో ఆ వేసవి ఇంకా చల్లారలేదు.