చిక్కుడు కొత్త కాకముందే

పొద్దుటి నుంచి మంచు విడలేదు. సంతలో కొన్న చిక్కుడుకాయలకు నేనూ, మా మిషన్ కాలేజీ మెస్సులో నాతోపాటు వంటచేసే అప్పాయమ్మా కూర్చుని ఈనెలు తీశాం. మధ్యాహ్నం అదే కూర.

జి.మాడుగుల వైపు నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి కూర వద్దంది. వాళ్ల ఊళ్లో కొత్త పండగ చేసి దేవతకు పెట్టేదాకా ఆ ఏటి చిక్కుడు ఎవరూ నోట పెట్టరు. పాత ఫాదర్ వార్డెన్‌గా ఉన్నప్పుడు అలాంటి పిల్లలకు మజ్జిగ పోసేవాళ్లం. ఈ ఏడు వచ్చిన వార్డెన్ బ్రదర్ రూలు మార్చాడు. వడ్డించింది తినాలి, లేదా హాస్టల్ వదిలిపోవాలి.

“దేవుడిచ్చిన తిండికి పండగేటే? తిను,” అన్నాడు.

“తింటే మా ఊరోళ్లు నన్ను పండగలో కలపరు బ్రదర్.”

“అదంతా సైతాను భయం.”

“మరి ఈస్టరు ముందు తపస్సుకాలంలో మీరు కోడికూర తింతారేటి?”

అప్పాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. బ్రదర్ మొహం కందిపోయింది. “పెట్టె సర్దుకో,” అన్నాడు.

ఒక పిల్ల చదువు ఆపడానికి ఈయనకు చిక్కుడుకూర చాలింది. తిండి మీద ఇలాంటి రూలు ఇంకెక్కడైనా ఉందా? తెలిస్తే చెప్పండి.

నాలుగు గంటల పాడేరు బస్సుకు ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఆమె గదిలో ఉండే ఇద్దరు అమ్మాయిలు కూడా పెట్టెలు సర్దుకుని అదే బస్సుకు వెళ్లారు.