బావి అడుగున బ్యాటరీ లైటు

1983 వేసవి. మందమర్రిలో ఒక బొగ్గు గనిలో నేను ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. కొత్తగా చేరినవాళ్లకు గనిలోంచి ప్రాణాలతో తిరిగొచ్చే పద్ధతులు నేర్పడం నా ఉద్యోగం. దానితోపాటు నాకు నేనే తగిలించుకున్న పని ఇంకొకటి ఉండేది. షిఫ్టుకు ముందు తలకు పెట్టుకునే దీపాలిచ్చే గదిని ల్యాంప్ రూమ్ అంటాం. అక్కడ వరుసలో నిలబడినవాళ్ల ఎదురుగా ఒక నల్లబోర్డు పెట్టించి, రోజూ మూడు ముక్కలు రాసేవాణ్ణి. ఒకటి భాష గురించి, ఒకటి చరిత్ర, ఒకటి లోకజ్ఞానం.

కమాన్ అంటే ఫారసీలో విల్లు అని రాస్తే, కరీంనగర్‌లో కమాన్ అనే పాత ద్వారం చూసొచ్చినవాళ్లంతా రెండు రోజులు దాని మీదే వాదించుకున్నారు. విషవాయువును కనిపెట్టడానికి పూర్వం గనుల్లోకి పంజరంలో పిట్టను తీసుకుపోయేవారని రాసినప్పుడు, బొగ్గు తవ్వే రాజయ్య "గా పిట్టకు పింఛన్ ఉండెనా సారూ?" అని అందరినీ నవ్వించాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకైతే మహా గర్వంగా ఉండేది.

ఒక శనివారం ఇలా రాశాను: "పాడుబడ్డ బావిలోకి దిగేముందు వెలిగించిన కందిలి దించి చూడాలి. ఆరిపోతే దిగకూడదు." అంతకన్నా రాయడానికి బోర్డు మీద జాగా లేదు.

మరునాడు కూరగాయలకు పోతుంటే రాజయ్య వాళ్ల చెలక, అంటే మెట్టచేను, దగ్గర కేకలు వినిపించాయి. పరుగెత్తాను. రాజయ్య తమ్ముడు ఓదెలు పూడిక తీద్దామని వాళ్ల పాత బావిలోకి దిగాడు. అడుగుకు చేరగానే తల తిరుగుతోందని అరిచి, ఎలాగో నాలుగు మెట్లు పైకెక్కి, గోడకున్న రాతి అరుగు మీద కూలబడ్డాడు. ఇప్పుడు పలకడం లేదు. రాజయ్య అంగీ విప్పి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. వెనక నుంచి నడుము పట్టుకుని లాగాను.

"ఇడువున్రి సారూ! మీరు రాసినట్టే జేసినం. ముందుగాల దీపం దించి సూసినం. సూడున్రి, ఇంక వెలుగుతనే ఉన్నది!"

వంగి చూశాను. బావి అడుగున, సుతిలి తాడు కొసకు, బ్యాటరీ లైటు వెలుగుతోంది. ఇంట్లో కందిలికి నూనె లేదట. బ్యాటరీ అయితే ఇంకా మంచిగా కనపడుతుందని దాన్నే దించారు. మంటకు మనలాగే గాలి కావాలి. బ్యాటరీకి అక్కర్లేదు, మనిషి చచ్చే చోట కూడా వెలుగుతుంది.

"దిగితే నువ్వు గూడ రావు రాజయ్యా. ఎవరింట్లనన్న కందిలి తెప్పియ్" అన్నాను.

వాళ్లమ్మ మల్లవ్వ నా మీదికొచ్చింది. "నా కొడుకు సస్తుంటె కందిలంటవా? ఇడువు వాన్ని!"

ఆమెను తప్పుపట్టలేను. కానీ రాజయ్యను వదల్లేదు. పక్క చెలకవాళ్లు కందిలి వెలిగించి తెచ్చారు. తాడు కట్టి దించితే, ఓదెలు పక్కకు చేరేసరికి మంట చిన్నబోయింది. అరుగు దాటి జానెడు దిగగానే ఆరిపోయింది. మంటకైతే గాలి కావాలని, బ్యాటరీకి అక్కర్లేదని చెప్పాక రాజయ్య పెనుగులాట మానేశాడు. బ్లాక్‌డ్యాంప్ అంటాం గనిలో. ప్రాణవాయువు లేని బరువైన గాలి, నీళ్లలా అడుగున నిలుస్తుంది. ఓదెలు సరిగ్గా దాని ఒడ్డున ఉన్నాడు. కొంచెం జారితే అంతే. అతన్ని ఎత్తాలంటే రెండో మనిషి అతని కింది మెట్టు మీద, నిలబడి ఆ గాలిలోకే వంగాలి.

గని రెస్క్యూ వాళ్ల కోసం ఒకతన్ని సైకిల్ మీద పంపాను. కానీ ఓదెలు తల పక్కకు వాలిపోతోంది. మోటతాడుకు జారని ముడితో ఉచ్చు వేసి అతని ఒళ్లోకి దించాం. నేను అరిచాను, రాజయ్య అరిచాడు. ఉలుకూ పలుకూ లేదు.

"అవ్వా, నువ్వు పిలువు. ఏడ్వకు. ఇంట్ల తిట్టినట్టె తిట్టు" అన్నాను.

మల్లవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని వంగింది. "ఓరి ఓదెలూ! పొద్దెక్కినా లెవ్వవేందిర! తాట్ల సేతులు వెట్టు! పెడ్తవా, నన్ను రమ్మంటవా?"

ఒక చెయ్యి కదిలింది. ఉచ్చులో దూరింది, మళ్లీ జారిపోయింది. మల్లవ్వ తిట్టడం ఆపలేదు. ఆ చెయ్యి మళ్లీ దూరింది. రెండోది కూడా దూరి, ఉచ్చు చంకల కిందికి చేరింది.

"గుంజున్రి!"

రాళ్లకు ఒరుసుకుంటూ పైకొచ్చాడు. ఎండలో పడుకోబెడితే కక్కుకున్నాడు. కళ్లు తెరిచి, "బ్యాటరీ అండ్లనే ఉన్నది" అన్నాడు. రాజయ్య నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. మల్లవ్వ ముందు చిన్నవాడి తల తడిమింది, తర్వాత పెద్దవాడిది. మళ్లీ చిన్నవాడిది.

ఆమె నాకు దండం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నా ముఖంలోకి సూటిగా చూసి, "గీ మంట ముచ్చట నిన్ననే జెప్పకపోతివి సారూ" అంది.

చెప్పిన పనిముట్టు లేకపోతే మనిషి ఇంట్లో ఉన్నదే వాడుకుంటాడు. అది పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే అసలు కారణం తెలియాలి. నా వృత్తిలో నేను నేర్చుకున్నదేదైనా ఉందంటే ఇదే.

సోమవారం బోర్డు మీద మూడు ముక్కలు రాయలేదు. ఒక్కటే రాసి, మిగతా జాగా అంతా అది ఎందుకో రాశాను.