ప్రశ్నలమ్మ ఆరో ప్రశ్న

పెద్ద డాక్టరుగారి బల్ల మీద స్కాన్ రిపోర్టుకన్నా పైన తన అరకాగితం పెట్టించడం ఆ నర్సు సాధించిన మొదటి గెలుపు. అందుకు అక్షరాలా రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. "అడగడానికి నేను లేనా సిస్టర్?" అని ఆయన మూడుసార్లు పక్కకు తోస్తే, నాలుగోసారి మళ్లీ అక్కడే పెట్టింది. మరి ఆమె ఎవరనుకున్నారు? నర్సింగు పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి అందరిలో మూడో స్థానంలో నిలిచిన మనిషి. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒకరి ఇంజెక్షను పొరపాటున కూడా ఇంకొకరికి వెయ్యలేదు. ఇద్దరు ఆడపడుచుల కాన్పులు, అత్తగారి కంటి ఆపరేషను ఒంటిచేత్తో గట్టెక్కించింది. ఈ మాట అడిగితే అత్తగారే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

ఆ కాగితం మీద ఆరు ప్రశ్నలుంటాయి. నిద్ర, తిండి, నొప్పి, నడక, దిగులు. ఆరోది: "చెయ్యాలని ఉండి చెయ్యలేకపోతున్న పనేమిటి?" క్యాన్సరు క్లినిక్కుకు వచ్చే ప్రతి ఒక్కరినీ వదలకుండా అడుగుతుంది కనుక ఆమెకు ప్రశ్నలమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది.

అక్కడికొచ్చేవాళ్లకు ఒక అలవాటుంది. ఒంట్లో ఎలా ఉందని డాక్టరు అడగడం ఆలస్యం, "బాగానే ఉందండి" అనేస్తారు. కష్టం చెబితే ఎక్కడ మందు ఆపేస్తారోనని భయం. పెద్దపేగు క్యాన్సరుతో వచ్చే దర్జీ ఇందులో ఆరితేరినవాడు. ఐదు విడతలు మందెక్కించుకుని, ఐదుసార్లూ డాక్టరుకూ ప్రశ్నలమ్మకూ అదే మాట అప్పజెప్పాడు.

ఆరో విడత రోజు ఉదయం బీపీ చూశాక ఆయన చొక్కా చేతి గుండీ భార్య పెడుతుంటే ప్రశ్నలమ్మ కంటపడింది.

"ఏం బాబాయ్, ఊరందరికీ గుండీలు కుట్టే చెయ్యి సొంత గుండీకి పిన్నిని పిలుస్తోందే?"

"ముచ్చట పడుతోందిలేమ్మా."

"నలభై ఏళ్లుగా లేని ముచ్చట ఇప్పుడా!" భార్య అందుకుంది. "నెల్లాళ్లుగా మిషను మీద కప్పిన గుడ్డ తియ్యలేదు తల్లీ. ఇక్కడ చెబితే మందు ఆపేస్తారని నా నోరు కుట్టేశారు. ఈ నెలలో ఈయన కుట్టింది అదొక్కటే."

దర్జీ గొంతు తగ్గించాడు. "డాక్టరుగారికి చెప్పకమ్మా. మందు ఆగితే నేను లేను."

"మందు ఆపడమొక్కటే దారి అని నీకెవరు చెప్పారు? ఈ మందుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాచిపెడితే ఆ తిమ్మిరి నీతోనే ఉండిపోవచ్చు బాబాయ్. నువ్వు చెప్పు, ఆరో ప్రశ్న కింద నేను రాస్తాను. నువ్వు సరేనంటేనే లోపలికి పంపుతాను."

ఆయన వేళ్లు చూసుకున్నాడు. "సూది చేతిలో ఉందో లేదో చూస్తేగానీ తెలియడం లేదు. మొన్న కత్తెర జారి పాదం పక్కన పడింది," అన్నాడు. ఆమె ఆ మాటలే, ఒక్క ముక్క మార్చకుండా రాసి ఆయనకు చదివి వినిపించింది. "పంపు," అన్నాడు.

డాక్టరుగారు కాగితం చదివి తలెత్తారు. "ఐదుసార్లు బాగానే ఉందన్నారేం?"

"స్కాన్ బాగుందని మీరన్నారండి. కాదనడం ఎందుకని నేనూ సరేనన్నాను."

డాక్టరుగారికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "మీకెక్కించే రెండింటిలో వేళ్లను పట్టింది ఒకటే. దాన్ని ఇవాళే ఆపుతాను, రెండోది కొనసాగుతుంది. స్పర్శ తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. మొత్తం వస్తుందని మాట ఇవ్వలేను."

"వైద్యం ఆగదు కదా?"

"ఆగదు."

దర్జీ భార్యవైపు తిరిగాడు. "ఈ ముక్క ముందే అడిగి ఉండాల్సింది."

"నోరు విప్పనిచ్చారా?"

బయటికొచ్చాక ఆయన తర్వాతి విడత చీటీ చూపించి, "ఆ రోజు నువ్వే అడుగుతావా అమ్మా?" అన్నాడు.

"నేనుండను బాబాయ్." ఆ అరకాగితం ఇప్పుడు మరో మూడు ఆసుపత్రులు అడుగుతున్నాయి, అక్కడి నర్సులకు అడిగే తీరు నేర్పడానికి ఆమెనే పిలిచారు. "నా బదులు కొత్త సిస్టర్ అడుగుతుంది. బాగానే ఉందని అబద్ధమాడావో, నాకు ఫోనొస్తుంది."

"ఉన్నదున్నట్టే చెబుతాలే. నువ్వెప్పుడొస్తావో అది చెప్పు."

ఆమె చీటీ తిరగేసి వెనక రాసిచ్చింది: ఆగస్టు పందొమ్మిది, మంగళవారం.