కొలిచావా వెంకటరమణమ్మా?

చలపతి మాస్టారికి తొంభై ఎనిమిదేళ్ళు. లోకంలో ఆయనకున్నది ఒకటే ప్రశ్న: "కొలిచావా?"

"ఇవాళ చలి చంపేస్తోంది మాస్టారూ" అనండి. "కొలిచావా?" అంటారు. "చివరింటావిడ లావైపోయింది" అనండి. "కొలిచావా?" మా వైపు కొలవడమంటే దేవుణ్ణి కొలవడం. ఈయన వానను కొలుస్తారు. అదీ లీసెస్టర్‌లో! ఈ ఊళ్ళో వాన కొలవాలనుకోవడం, మా కోడలి ఫోను మాటలకి ముగింపు వెతకడం, రెండూ ఒకటే.

నాలాంటి మనిషికి ఇలాంటి పొరుగు దొరకడం నా ఖర్మ. నేను ఐదో తరగతి వరకు చదివాను. మిగతా చదువంతా కిటికీ పరదా పక్కనుంచే. ఎవరింటికి ఏ పార్సిల్ వచ్చిందో, ఎవరు తప్పు రోజున చెత్త బిన్ను బయట పెట్టారో కౌన్సిల్ కంటే ముందు నాకే తెలుస్తుంది. ఎంత చలిలోనైనా కిటికీ వేలెడు తెరిచి ఉంచుతాను. వేడి బయటికి పోతోందని కోడలి గోల. మరి వార్తలు లోపలికి రావద్దూ? తెలిసినదాన్ని ఉన్నదున్నట్టు చెబితే రుచి ఉండదు కనుక కాస్త పోపు పెడతాను. అది చిటపటలాడేలోపే మాస్టారు "కొలిచావా?" అని నీళ్ళు కుమ్మరిస్తారు.

ఈ జబ్బు ఆయనకి తెల్లదొరల కాలంలోనే పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళకే బోర్డు స్కూల్లో పంతులయ్యారు. బడి ముందు సీసా, దానిమీద గరాటు. ముందు వాన కొలత, ఆ తర్వాతే పిల్లల హాజరు. ఒకరోజు ఇన్‌స్పెక్టరు దొర వచ్చి చెమట తుడుచుకుంటూ, "ఇక్కడ నూట ఇరవై డిగ్రీల ఎండ!" అన్నాడట. మాస్టారు చేతులు కట్టుకుని, "కొలిచారా దొరగారూ?" అని అడిగి, గోడనున్న థర్మామీటరు చూపించి, "నూట ఏడే" అన్నారట. పిల్లలు కిసుక్కుమన్నారు. పదిరోజుల్లో ఏటి మధ్య లంకకి బదిలీ.

"అయ్యో, ఎంత బాధపడ్డారో!" అన్నాను నేను.

"బాధెందుకమ్మా? అక్కడ వాన రెండింతలు!"

డెబ్బై ఏళ్ళు దాటాక మనవడి వెంట ఆ దొర దేశానికే వచ్చి, వెనక తోటలో గరాటు పెట్టారు. "వాళ్ళు మన ఎండను పెంచి చెప్పారు. నేను వాళ్ళ వానను ఉన్నంతే చెబుతున్నాను" అంటారు.

పోయిన జనవరిలో ఆయనకి మతి తప్పుతోందని నాకు అనుమానం వచ్చింది. వీధిలో ఎదురై మూడు మిరపకాయలు అడిగారు. పరుగున తెచ్చి ఇస్తే తెల్లబోయారు. "రాత్రి వాన మూడు మిల్లీమీటర్లు అన్నానమ్మా." పెద్దాయన, అడిగి సిగ్గుపడ్డారు కాబోలనుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి తన గుమ్మంలో నిలబడి, స్టీలు గ్లాసు మీద చెంచాతో టింగు టింగుమని కొట్టారు. నేను కిటికీ దగ్గర డ్యూటీలో ఉన్నాను. పొద్దున్నే గ్లాసు మోగిస్తే అర్థమేమిటో ఐదో తరగతికి తెలియదా? కాఫీ పట్టుకెళ్ళాను. ఆయన నా వంక, కాఫీ వంక మార్చి మార్చి చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని, కళ్ళు మూసుకుని తాగారు.

అది రోజూ అలవాటైంది. అయితే ఆయన ఆశ పెరుగుతూ వచ్చింది. మా రెండిళ్ళకీ మధ్య చదువుకునే అమ్మాయిలు సిరి, మనస్విని అద్దెకుంటారు. ఏప్రిల్‌కి మాస్టారు వాళ్ళింటి ముందుకొచ్చి మోగించారు. జూలైకి మా గేటు దగ్గరికే వచ్చేశారు.

"ఆగస్టుకి మన స్టవ్వెక్కి కూర్చుంటారు చూడు" అన్నాను కోడలితో.

ఆ జూలైలోనే మనస్విని బిన్ను లాక్కెళుతుంటే కిటికీలోంచి పిలిచాను. "సిరి కనబడదేమే?"

"పెళ్ళి చేసుకుంటోందాంటీ, శనివారం."

నా గుండె ఆనందంతో ఆగినంత పనైంది. "అబ్బాయెలా ఉంటాడే?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. "నల్లగా, బొద్దుగా, భలే ముద్దుగా ఉంటాడు. షెఫీల్డ్ నుంచి తెస్తున్నాం. ఆంటీ, ఎవరికీ చెప్పకండి ప్లీజ్!"

సాయంత్రానికి వీధంతా చెప్పాను. నా పోపులో అబ్బాయి షెఫీల్డ్ ఆసుపత్రిలో డాక్టరయ్యాడు. మాస్టారికీ చెప్పాను.

"కొలిచావా?"

"పెళ్ళినేం కొలుస్తామండీ!" అని కసిరాను.

శనివారం నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని, పసుపు, కుంకుమ, గాజులు, చలిమిడి పళ్ళెంతో వెళ్ళాను. సిరి తలుపు తీసింది. చంకలో నల్లగా, బొద్దుగా, భలే ముద్దుగా ఒక పిల్లి.

"పిల్లిని పెంచుకుంటోంది అన్నానాంటీ! ఇంటి ఓనరు ఒప్పుకోడనే ఎవరికీ చెప్పొద్దన్నాను" అంది వెనకనుంచి మనస్విని.

పిల్లి చలిమిడిలో కాలు పెట్టింది. నలుగురూ నవ్వు ఆపుకోలేకపోయారు. సిరి నవ్వలేదు. చెవి దగ్గర ఫోను, అవతల రాజమండ్రిలో వాళ్ళమ్మ ఏడుపు. మా వీధావిడ ఎవరో ఆమెకి ముందే ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పేసిందట. "పెళ్ళి కాదమ్మా, పిల్లి, పిల్లి" అని సిరి బతిమాలుతోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికొచ్చి కిటికీ మూసేశాను. మూడు రోజులు తియ్యలేదు. జూలైలో హీటరు దానంతటదే వెలిగిందేమోనని కోడలు చూసింది. ఇల్లు అంత వెచ్చగా ఉంది! నేను అబద్ధాలు పుట్టిస్తానని వీధి మొత్తం అంటోందని తెలిసింది. పోపు పెడతాను నిజమే, పప్పే లేకుండా ఎన్నడూ పెట్టలేదు. ఇక జన్మలో నోరు తెరవకూడదనుకున్నాను. చెప్పడానికేమీ లేకపోతే ఈ ఊళ్ళో నేనెవరిని?

నాలుగో రోజు మాస్టారు కర్ర తాటించుకుంటూ లోపలికొచ్చి, చిన్న పుస్తకం నా ముందు పెట్టారు.

"చదువమ్మా. తెలుగే."

చదివాను. 'వెంకటరమణమ్మ చెవులు. జనవరి: మా గుమ్మం, ఇరవై రెండు అడుగులు, విన్నది. ఏప్రిల్: పదకొండు అడుగులు. దానికి ముందు మోగించినవి వినలేదు. జూలై: నాలుగడుగులు.'

"రోజూ ముందు మా గుమ్మంలోనే మోగించేవాణ్ణి. నువ్వు రాకపోతే అడుగడుగునా మోగిస్తూ దగ్గరికొచ్చేవాణ్ణి. తప్పు నీ చెవులది, నీది కాదు."

"ముందే చెప్పొచ్చుగా మాస్టారూ!"

"ఆ మిరపకాయలనాడే చెప్పాలనిపించింది. నీకు చెవుడమ్మా అంటే ఊరుకుంటావా? 'కొలిచారా?' అని నువ్వడిగితే నా దగ్గర జవాబుండొద్దూ? కాకపోతే కొలత కోసం చాలా ఆలస్యం చేశాను. ఆ తప్పు నాది."

వీధిలో నన్ను అబద్ధాలకోరన్న ప్రతి ఇంటికీ ఆయన అప్పటికే కర్ర పట్టుకుని వెళ్ళి, "ఆవిడ అబద్ధమాడిందని కొలిచారా?" అని అడిగొచ్చారట. సిరికి పుస్తకం చూపించారు. సిరి వాళ్ళమ్మకి ఫోన్‌లో చదివి వినిపించింది. జీపీ డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్ళి ఇంగ్లీషులో మాట్లాడింది కూడా సిరే. దారి పొడుగునా పిల్లి ఫోటోలు చూపించింది. నేను అడగకుండానే ఆడదో మగదో కూడా చెప్పింది. గట్టిగా, రెండుసార్లు.

చెవికి మిషన్ పెట్టించుకున్న మర్నాడు కిటికీ వేలెడు తెరిచాను. తొమ్మిదింటికి టింగు టింగుమంది. ఎక్కడో కాదు, ఇరవై రెండు అడుగుల అవతల, ఆయన గుమ్మంలోనే! కాఫీ కలుపుకుని పరిగెత్తాను.

మనవడి భార్య భావన గుమ్మంలో అడ్డుపడింది. "ఆంటీ, ఇక తేకండి. తాతయ్య జన్మలో కాఫీ ముట్టరు. జనవరి నుంచి ఎందుకు తాగుతున్నారో మాకే అర్థం కాలేదు."

నేను ఆమె వెనకున్న ఆయన వైపు తిరిగాను. "మరి తాగారేం మాస్టారూ?"

"నువ్వు విన్నావనడానికి అదే గుర్తు కదమ్మా. వద్దంటే తేవడం మానేస్తావు, ప్రయోగం చెడుతుంది."

"పోనీ, నా కాఫీ ఎలా ఉండేది?"

"చేదు. భరించలేనంత చేదు."

ఇన్నేళ్ళకి దొరికారు! నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగాను.

"కొలిచారా?"

మాస్టారు జేబులోంచి పుస్తకం తీసి, చివరి పేజీ తిప్పి, కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"నూట ఎనభై ఏడు గ్లాసులమ్మా."