నర్సింగం పట్టుకున్న చెట్టు

“వస్తడని చెప్తున్న గద, ఝీణాభాయ్. నా కొడుకు వస్తడు. ఇయ్యాల కాకుంటే రేపు.”

“పోయిన వారం నువ్వే వస్తానన్నావు. మొన్న నీ ఇంటామె వస్తుందన్నావు. ఇవాళ కొడుకంటున్నావు. రేపు ఎవర్ని పంపుతావు, నీ సాంచాని నడిపించుకొస్తావా?”

“మా గల్లీకి రేకులు కొట్టిన్రు. ఈగ గూడ బయటికి పోతలేదు. నన్నేం జేయమంటవ్?”

“రేకులు కొట్టింది నేనా? చెట్టు కింద నీ గుడ్డ పడలేదు, అంతే నాకు తెలిసింది. పండు నల్లబడింది. మా పిల్లలు ఊదా నాలుకలు చాపుకుని తిరుగుతున్నారు. వ్యారా నుంచి ఒకాయన వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూసి పోయాడు. ఆయనతో నేనేమీ అనలేదు. ఇంకోసారి వస్తే అంటాను.”

సగం హిందీ, సగం గుజరాతీ, నర్సింగానికి కోపం తలకెక్కిన చోట మాత్రం తెలుగు. మిద్దె మీద పళ్లు తోముకుంటున్న భానుప్రకాశ్‌కి ఒక్క ముక్క పోకుండా వినబడింది. వినబడనిది ఎవరికి? నర్సింగం ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటక ముందు నుంచి మరమగ్గాల, వాళ్ల మాటలో సాంచాల, మోత మధ్య నిలబడిన చెవులవి. పక్కన నిలబడి మాట్లాడితే మాట అందదు, పక్క వీధి నుంచి అరిస్తే అందుతుంది. ఆయన కూడా మనుషులంతా తనలాంటివాళ్లేనన్నట్టు మాట్లాడతాడు.

భాను చేతిలో బ్రష్ ఆగిపోయింది మాత్రం అరుపులకి కాదు. నర్సింగానికి కొడుకు లేడు. కూతురూ లేదు. పుట్టి పోయినవాళ్లు కూడా లేరు. గోడకి ఇటు పక్క పుట్టి పెరిగిన భానుకి ఆ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సాంచాలు నడిచే ఉన్ పేటలో వాళ్ల ఇళ్లు వీపు వీపు ఆనించుకుని ఉంటాయి. నర్సింగం గది తలుపు గల్లీలోకి తెరుచుకుంటుంది, భాను వాళ్ల ఇల్లు ఇటు రోడ్డు మీదికి. మే నెలాఖర్లో గల్లీలో ఎవరికో రోగం బయటపడింది. మున్సిపాలిటీ వాళ్లొచ్చి రెండు కొసలా రేకులు బిగించి, వెదురు కర్రలు అడ్డం కట్టి పోయారు. ఒకటో తారీకున ఊరంతా రోడ్లు తెరిచారు. గల్లీకి మాత్రం తెరవలేదు. అలా గీత వచ్చి సరిగ్గా రెండిళ్ల మధ్య గోడ మీద పడింది. మిద్దె మీద పిట్టగోడ నడుమెత్తు ఉంటుంది. ఇటువైపు మనిషి బండెక్కి ఎటైనా పోవచ్చు. అటువైపు మనిషి పాల ప్యాకెట్‌కి కూడా రేకు కంతలోంచి చెయ్యి చాపాలి.

ఎటైనా పోగలిగిన భానుకి పోవడానికి చోటు లేదు. ఇంజినీరింగ్ మూడో ఏడులో ఒక మేష్టారి మొహం మీదే, మీరు చెప్పేది మీకైనా అర్థమవుతోందా అని అడిగి, సంచి తీసుకుని బయటికొచ్చేసి ఏడాది దాటింది. తండ్రి ఉధ్నా స్టేషన్లో రైల్వే ఉద్యోగి. కొడుకుతో మాట మానేశాడు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పట్నుంచి తల్లితో కలిపి ముగ్గురూ రెండు గదుల్లో మాటల్లేకుండా తిరుగుతున్నారు. పొద్దున్నే మిద్దె ఎక్కితే భాను మళ్లీ అన్నానికే దిగుతాడు.

ఫోన్ పెట్టేసిన నర్సింగం పిట్టగోడ దగ్గరికొచ్చాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

“భానూ, జర నీ ఫోన్ల మబ్బులు చూడు. ఎటు పోతున్నయ్?”

కొద్ది రోజులుగా ఇదే వరస. అరేబియా సముద్రంలో తుఫాను పుట్టింది. నర్సింగం తెల్లారగానే మూడు దిక్కులకి ఫోన్ చేస్తాడు. ఓల్పాడ్‌లో సముద్రం ఒడ్డునున్న తోటమాలికి, పల్సానాలో ఒక మిల్లు కాపలాదారుకి, సోన్‌గఢ్ దాటాక కొండల్లో ఉన్న ఝీణాభాయ్‌కి. గాలి ఎటునుంచి, నేల తడిసిందా, పండు ఏ రంగుకొచ్చింది. ఆ తర్వాత భాను ఫోన్. రెండూ కలిపి చూసుకుని, ఏమీ తేల్చుకోలేక, బీడీ ముట్టిస్తాడు.

ఆ మూడు చోట్లా ఆయనకి ఒక్కో నేరేడు చెట్టు ఉంది. ఉంది అంటే, పట్టుకున్నాడు. పూత మీదున్నప్పుడే వెళ్లి చెట్టు యజమానితో మాట అనుకుని, మొదలుకి గుడ్డపీలిక కట్టి వస్తే ఆ ఏటి కాపు ఆయనది. ముందు సముద్రపు గట్టున పండుతుంది, తర్వాత పల్సానాలో, ఆఖర్న కొండల్లో. పండు వెనకాలే నర్సింగం బస్సెక్కుతాడు. ఎప్పుడో సాంచాలు బందైన ఎండాకాలం, ఒక పండ్లమ్మేవాడి వెంట కూలికి పోయి నేర్చుకున్న పని ఇది. అక్కడ గోనెపట్టాలు పరిచి కొమ్మలు దులుపుతుంటే పండు పగిలిపోవడం చూశాడు. చూసి, సాంచా మీద తప్పుపడి పక్కన పారేసిన కోరా గుడ్డ తెచ్చి పెద్ద దుప్పటిలా కుట్టాడు. నున్నటి గుడ్డ మీద పండు జారుతుంది, పగలదు. అప్పట్నుంచి చెట్లు పట్టడం మొదలుపెట్టాడు.

ఈ ఏడు ఓల్పాడ్ చెట్టు పూతలోనే గాలికి రాలిపోయింది. పల్సానా చెట్టు కిందికి ఎవరూ పోక, యజమాని ఇంకొకరికి ఇచ్చేశాడు. మిగిలింది కొండ మీద చెట్టు. మిగతా ఇద్దరికీ ఫోన్ చేసేది గాలివానల సంగతి కోసమే.

“ఎల్లుండంట కాకా,” అన్నాడు భాను తెర చూస్తూ. “ముంబై కింద కొడుతదంట. గాలి ఇటు గూడ వస్తదంటున్నరు.”

“కొండలకి అందుతదా?”

“నాకేం తెలుసు. నేను దేవుణ్నా, వాతావరణ శాఖనా? రాసింది చదివిన.”

“అందితే మొత్తం రాలుతది. రాలింది ఎవల్దైతే వాళ్లది. ఆ ఊర్ల గట్లనే. కొమ్మ మీదుంటే నాది, నేల మీద పడితే లోకానిది.”

“అయితే పోయినట్టే. ఆశ ఇడిసిపెట్టు.” భాను మాట ఎప్పుడూ ఇంతే, మొహం మీద కొట్టినట్టుంటుంది. “అది గాదు గని, నీకు కొడుకెక్కడినుంచి వచ్చిండు కాకా?”

నర్సింగం బీడీ ముట్టించాడు. జవాబు వెనకనుంచి వచ్చింది. ఆయన భార్య లలితమ్మ తీగ మీద చీర ఆరేస్తోంది.

“ఎందుకు లేడు? మార్కండేయ. నాకు నొప్పులు గూడ రాలే, ఆరడుగులున్నడు.”

“నువ్వూకో,” అన్నాడు నర్సింగం.

“ఊకుంటే గిట్లైంది. చెప్పనీ.” ఆమె చీర దులిపి గోడ దగ్గరికొచ్చింది. “ఆ ఝీణాభాయ్ ఒంటిమనిషికి చెట్టియ్యడు బిడ్డా. పైన ఎవలున్నా, కింద గుడ్డ పట్ట ఇంటోళ్లే ఉండాలె. ప్రతేడు మొదటి కోతకి మొదటి గుడ్డ ఇంటోళ్ల చెయ్యే పరవాలె. లేకుంటే వచ్చేడు పీలిక కట్టనియ్యడు. ఈనేమో మాకు పిల్లగాడున్నడు, బడికి పోతుండు, పెద్దగైతే వస్తడు అన్నడు. అప్పటిదాంక నేను పట్టిన గుడ్డ. ఇగ ఏటేటా వాళ్లింటామె వానికి రాగి అప్పడాలు పంపుతది. మార్కండేయ తినాలె అని. వాడు తినకపాయె, నమిలి నమిలి నా పండ్లు అరిగిపాయె.”

భాను నవ్వాడు. చాలా రోజులైంది నవ్వి.

“మరి వాడు ఏం చదువుతున్నడు?”

లలితమ్మ ఒకసారి మొగుడి మొహం చూసింది. “మాకేమెరుక ఏ ఈడుకి ఏం చదువుతరో? ఈన నిన్ను చూసి చెప్పెటోడు. నువ్వు పదికొస్తే వాడు పదికొచ్చిండు. నీ చెయ్యి ఇరిగినేడు వానిదీ ఇరిగింది. వాళ్లింటామె పసరు కట్టు గూడ పంపింది. నువ్వు ఇంజినీరులకి పోతే వాడూ పోయిండు.”

ఆ తర్వాతిది ఆమె చెప్పలేదు. భాను నవ్వు కూడా అక్కడే ఆగింది. తను పెరుగుతున్న ఇల్లు ఒకటే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

“ఈన్ని సాంచా మీద చూసినవ్ నువ్వు,” అందామె, ఈసారి వేళాకోళం లేకుండా. “చెట్టు కింద చూడలే. ఆడ మెల్లగ మాట్లాడుతడు. నేను మళ్లడిగితే గని ఇనబడదు. ఆ కొన్ని దినాలే నాకు మొగనితోని కాపురం చేసినట్టుంటది. మిగతాదంతా లొల్లే.”

నర్సింగం బీడీ పిట్టగోడకి నలిపాడు. “పండు పోతే పోనీ. ఇంకో ఏడు కాస్తది. చెట్టు పోతే నేనేడికి పోవాలె? ఈ రేకుల నుంచి ఇడిసినంక మళ్ల ఆ షెడ్డులకేనా, సచ్చేదాంక?”

రేకుల దగ్గర కాపలా పోలీసు ఎవర్నో కసురుతున్నాడు. లోపలికి పో, లోపలికి పో అని. గల్లీలో అందరూ లోపలే ఉన్నారు.

“నేను పోత,” అన్నాడు భాను.

అది జాలితో వచ్చిన మాట కాదు. ఎవరు ఎటు పొమ్మన్నా పోయేలా ఉన్నాడు ఆ క్షణాన. కానీ అన్నాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

“నీకు అబద్ధమాడ వస్తదా?” అన్నాడు నర్సింగం అనుమానంగా. “నువ్వు సార్లనే తిట్టొచ్చినోడివి.”

“అడిగితే నీ కొడుకునంట. గంతే గద. ఇంకేం చెప్పేదున్నది?”

“చెట్టెక్కుతవా?”

“ఎక్కుత.”

“ఎక్కకు. మావోనికి ఎత్తు పడదు. నేనే చెప్పిన, ఎప్పుడూ ఎందుకు రాడని అడిగితే. ఎక్కేటోళ్లు ఊర్లనే దొరుకుతరు. నువ్వు గుడ్డ పరువు. కుట్టు నేలకి రావాలె, పైకి కాదు. చెప్పులతోని తొక్కకు.”

లలితమ్మ గదిలోకి దిగి గుడ్డ మూట తెచ్చింది. గోడ మీంచి అందుకుంటే భాను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. మడతల మీద పాత కాపుల మరకలు, ఉతికీ ఉతికీ నీలంగా మారినవి. మూట మీద ఒక చిన్న సీసా పెట్టింది, మామిడికాయ తొక్కు.

“ఝీణాభాయ్ ఇంటామెకి. అప్పడాలు మంచిగుంటున్నయని చెప్పు. తిన్నట్టే చెప్పు.”

నర్సింగం మళ్లీ ఫోన్ కలిపాడు. గల్లీ మొత్తానికి వినబడేలా, బయల్దేరుతున్నడు, పొద్దుగూకక ముందే వస్తడు, అన్నాడు.

“రానీ,” అన్నాడు ఝీణాభాయ్ అటునుంచి. “ఇన్నేళ్లకి చూస్తాను వాణ్ని. ఆకాశం మాకు ఇక్కడ ఇంకా తెల్లగానే ఉంది.”

భాను మూట భుజానికెత్తుకుని మెట్ల వైపు రెండడుగులు వేశాడు.

“భానూ.”

తిరిగి చూశాడు. నర్సింగం మాస్కు ముక్కు మీదికి లాక్కుని పిట్టగోడ మీదికి వంగి ఉన్నాడు. దాని కింద పెదాలు కదిలినట్టున్నాయి, మాట మాత్రం వినబడలేదు. భాను వెనక్కొచ్చి చెవి దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని ఈ గోడకి ఇటుపక్క ఎవరికీ తెలియదు.

“తప్పనుకోకు బిడ్డా. ఆడ ఎవలన్న అడిగితే, చదువు నడుమ ఇడిసిపెట్టిన అని మాత్రం చెప్పకు. మావోడు పాసైండు.”