కళ్లంలోకి వచ్చిన మంచూ రాకుమారి

మా అత్తగారి పుట్టిల్లు మా ఊరికి బస్సులో అరగంట. నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడ అక్కడికి వెళ్లి ఇరవై రెండేళ్లయింది. పొలాలకెళ్లే డొంక దారి మీద ఆ ఇంటికీ ఈ ఇంటికీ పడకపోతే, పెద్దమనుషులు కూర్చుని ఆవిణ్ణి ఈ ఇంటికిచ్చి రాజీ కుదిర్చారట. నాలుగేళ్లకు గొడవ మళ్లీ మొదలైంది. రాజీ పోయింది, పెళ్లి మిగిలింది. మావగారు బతికున్నన్నాళ్లూ వెళ్లొద్దన్నారు. ఆయన పోయాక వద్దనేవాళ్లు లేరు, రమ్మనేవాళ్లూ లేరు.

ఇదంతా పక్కింటివాళ్లు చెప్పారు. అత్తగారిని అడిగితే, "ఆ ఊళ్లో ఏవుందే, దుమ్ము తప్ప," అనేవారు. మా ఊళ్లో ఏదో పన్నీరు చల్లుతున్నట్టు.

తొంభైల చివర్లో నేను దూరవిద్యలో చరిత్ర ఎం.ఏ. కట్టాను. పరీక్షలు సరిగ్గా మిరపకాయ కళ్లానికి చేరే రోజుల్లో పడ్డాయి. పట్టాల మీద ఎండిన కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయల్ని ఏరి వేరే కుప్ప పొయ్యాలి. రోజంతా అదే పని. చివరికి అత్తగారే దారి చూపించారు.

"నీ పుస్తకం పైకి చదువు. నీ వంతు కాయ కూడా నేనే ఏరతా. వింటే నాకేం పోయింది?"

అలా మంచూ చక్రవర్తి కూతురు మా కళ్లంలోకి వచ్చింది. చైనాను ఏలిన ఆ వంశంవాళ్లు మంగోలు దొరలతో పొత్తు చెడకుండా తమ ఆడపిల్లల్ని వాళ్లకిచ్చి, ఎక్కడో గడ్డిమైదానాలకు పంపేవారు.

"తోడు ఎవరెళ్లారు?" అన్నారు అత్తగారు.

"దాసీలు, నౌకర్లు. బండ్ల కొద్దీ సారె అండీ."

"పర్లేదే. నాకు ఒక్క గేదెనిచ్చారు. అదీ వట్టిపోయింది."

తర్వాతి వాక్యం చూసి ఆగిపోయాను.

"చదవ్వే, ఏం మింగావు?"

"వచ్చిన రాకుమారికి అత్తమామలు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టాలటండీ."

ఆవిడ చేతిలో కాయ కిందపడింది. "కోడలికా?"

"చక్రవర్తి కూతురు కదండీ."

"గట్టిగా చదవమాక. వీధిలో కోడళ్లు వింటారు."

మర్నాటి నుంచి నా పేరు రాణీగారు. "రాణీగారూ, పాలు పొంగుతున్నాయ్!" అని కేక వినపడగానే రాణీగారు కొంగు దోపుకుని పరుగెత్తాలి.

మూడో రోజు చదివిన పేజీలో, రాకుమారి తనంతట తాను పుట్టింటికి రాకూడదని ఉంది. అర్జీ పెట్టుకోవాలి, చక్రవర్తి ఒప్పుకుంటేనే బయల్దేరాలి. అత్తగారు చక్రవర్తి మీద తిట్లందుకున్నారు.

"కన్నతండ్రేనా వాడు? వాడి పొత్తు కోసం పిల్లనిచ్చి, ఆ పిల్ల గడప తొక్కడానికి కాయితం అడుగుతాడా? పిల్ల ఏం చేసిందని?"

తిడుతూనే ఏరుతున్నారు. చూద్దును కదా, ఎర్రకాయలన్నీ తాలు కుప్పలో పడుతున్నాయి. కళ్లు మూసుకుని తాలు ఏరగల మనిషి! నాకు నవ్వు రాలేదు. జాలేసింది. ఇన్నేళ్ల మొండితనం మీద కోపం కూడా వచ్చింది.

"మీరూ వెళ్లిరావచ్చు కదా అత్తయ్యా?"

"నన్నెవరు పొమ్మన్నారే?"

"నేను పొమ్మంటున్నా. రాణీగారి ఆజ్ఞ. ఎల్లుండి నేను గుంటూరు పరీక్షకెళ్లే బస్సులోనే మీరూ ఎక్కుతున్నారు."

ఆవిడ తాలు కుప్పలోంచి ఎర్రకాయలు ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నారు. "కళ్లంలో కాయెవరు చూస్తారు?" అన్నారు.

"మీ అబ్బాయి ఉన్నాడుగా."

బస్సులో ఆవిడ ఒళ్లో ఎర్రకాయల సంచి పెట్టుకుని కూర్చున్నారు. తనకు తాను కట్టుకున్న సారె అది. వాళ్లూరి స్టేజీ వచ్చింది. బస్సు ఆగింది. ఆవిడ లేవలేదు.

"దిగేవాళ్లు దిగండమ్మా!" అని కండక్టరు విసుక్కున్నాడు.

అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇంకోసారి చెప్పవే," అన్నారు.

"వెళ్లిరండి అత్తయ్యా," అన్నాను. ఆవిడ సంచి ఎత్తుకుని దిగారు.

సాయంత్రం తిరిగొస్తూ అదే స్టేజీ దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. అక్కడ లేరు. మర్నాడూ రాలేదు. నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ మొత్తం తాలు నేనే ఏరాను, మండే చేతులు ఊదుకుంటూ, ఆవిణ్ణి నోరారా తిట్టుకుంటూ. అంత సంతోషంగా నేనెవర్నీ తిట్టలేదు.